నాన్నగారి పాస్కల్ నోటుపుస్తకం

నాన్నగారి బీరువాలో ఒక నోటుపుస్తకం ఉంది. తిరువూరులో లెక్కల మాస్టారుగా పనిచేస్తున్న రోజుల్లో, 1987 ప్రాంతంలో రాసుకున్నది. మొదటి సగం బేసిక్ ప్రోగ్రాములు. ప్రతిదాని పక్కనా పెన్సిలుతో ఒక టిక్కు. అది నడిచిందని గుర్తు. రెండో సగం పాస్కల్. అందులో ఒక్క టిక్కూ లేదు. ఆయన దగ్గరున్న కంప్యూటరుకు పాస్కల్ రాదు మరి.

ఆ కంప్యూటరు పేరు స్పెక్ట్రమ్ ప్లస్. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ సింక్లెయిర్ లైసెన్సుతో మనదేశంలో అమ్మింది. టీవీకి తగిలించుకోవాలి, టేపురికార్డరులోంచి ప్రోగ్రాములు ఎక్కించుకోవాలి. మెమరీ 48 కిలోబైట్లు. అది కాక మరో 16 కిలోబైట్ల చెరపరాని మెమరీలో బేసిక్ పుట్టుకతోనే ఉంటుంది. నిక్లాస్ విర్త్ 1970లో జ్యూరిక్‌లో, విద్యార్థులకు క్రమమైన ప్రోగ్రామింగు నేర్పడానికి తయారుచేసిన పాస్కల్‌ను నాన్నగారు ఒక ఎరువు పుస్తకంలో చదివి నేర్చుకున్నారు. నేర్చుకున్నారు, రాసుకున్నారు, నడిపి చూసుకోలేకపోయారు. 2009 జూలై 12న, ఆషాఢ బహుళ పంచమినాడు వెళ్ళిపోయారు.

నోటుపుస్తకంలో చివరి ప్రోగ్రాము తిథి చెప్పేది. తేదీ ఇస్తే ఒకటి నుంచి ముప్ఫై దాకా ఒక అంకె చెప్పాలి. దాన్ని ఆయన యంత్రంలోనే నడిపించాలని ఈ యేడు ఆబ్దికానికి ఊరు వెళ్ళినప్పుడు బుద్ధి పుట్టింది. అటకమీంచి దింపాను. మీటల కింది ప్లాస్టిక్ పొర ఎండి విరిగిపోయింది. కొత్తది తెప్పించి వేశాను. ఇక కావలసింది కంపైలరు.

పాస్కల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1983 నాటి టర్బో పాస్కల్. సీపీఎం యంత్రాలకూ అది వచ్చింది. కానీ సీపీఎంకు మెమరీ అడుగునుంచీ రాసుకునే చోటు కావాలి. స్పెక్ట్రమ్‌లో ఆ అడుగు 16 కిలోబైట్లలో బేసిక్ కూర్చుని ఉంది. యూసీఎస్‌డీ పాస్కల్ చూద్దామంటే దానికి 64 కిలోబైట్లూ, డిస్కూ ఉండాలి. ఫ్రీ పాస్కల్‌తో కొత్త కంప్యూటరులో కంపైలు చేసి పాతదానికి పంపవచ్చు. అది ఆయన ప్రోగ్రామును నా యంత్రంలో నడిపినట్టే ఉంటుందని మనసొప్పలేదు.

చివరికి హైసాఫ్ట్ అనే బ్రిటిష్ సంస్థ వారి పాస్కల్ సరిపోయింది. కంపైలరు సుమారు 12 కిలోబైట్లు, నడిచేటప్పుడు తోడుండేది మరో 4. టేపుమీద వచ్చేది, ఫైళ్ళు ఉండవు, రికార్డుల్లో కొన్ని సదుపాయాలు ఉండవు. అయినా ప్రోగ్రామును ఒకే ఊపులో చదువుకుంటూ నేరుగా యంత్రభాషలోకి మార్చేస్తుంది. పాస్కల్ నిర్మాణమే దానికి అనుకూలం. ఏ పేరునైనా వాడేముందే ప్రకటించాలి గనుక వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. టేపు శబ్దాన్ని సెల్‌ఫోనులోంచి వినిపించి ఎక్కించాను.

నాన్నగారి పద్ధతి తేలికైనదే. 1900 జనవరి 1 అమావాస్య. అక్కడినుంచి రోజులు లెక్కించి, చాంద్రమాసపు సగటు 29.53059తో భాగించి, మిగిలిన భిన్నాన్ని ముప్ఫైతో హెచ్చిస్తే తిథి. చంద్రుడు సమవేగంతో నడవడు గనుక ఒక తిథి అటూ ఇటూ కావచ్చు. పక్కన ఆయనే రాసుకున్నారు: "సగటు లెక్క. పంచాంగమే ప్రమాణం."

టైపు చేస్తుంటే రెండు తప్పులు కనిపించాయి. రోజుల సంఖ్యను పూర్ణాంకంగా కాక దశాంశ సంఖ్యగా ప్రకటించారు. సంవత్సరాన్ని 365తో కాక 365.0తో హెచ్చించారు. రోజులు పూర్ణాంకాలే గదా, కొత్తగా నేర్చుకున్నవారి తడబాటు అనుకున్నాను. రెండూ సరిదిద్దాను. వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి, చేయి ఊరుకోలేదు.

1987 మార్చి 30, ప్రభవ నామ ఉగాది తేదీ ఇచ్చాను. రోజులు 31,864. తెరమీద 1 వచ్చింది. పాడ్యమి! అమ్మను పిలిచి చూపించాను. తరువాత నాన్నగారు పోయిన తేదీ ఇచ్చాను. ఓవర్‌ఫ్లో అని చెప్పి ప్రోగ్రాము ఆగిపోయింది.

కాసేపటికి గాని తట్టలేదు. ఈ పాస్కల్‌లో పూర్ణాంకానికి రెండు బైట్లు, 32,767 దాటదు. 1900 జనవరి 1 నుంచి లెక్కిస్తే ఆ హద్దు 1989 సెప్టెంబరు 18తో సరి. 2009 జూలై 12 అంటే 40,004. దశాంశ సంఖ్యకు ఏడంకెల దాకా కచ్చితత్వం ఉంటుంది. అయిదంకెల రోజులు పోను తిథికి సరిపడా భిన్నం మిగులుతుంది. ఆయన రాసేనాటికి ఆ హద్దు రెండేళ్ళ దూరంలో ఉంది. కంపైలరే లేని మనిషి, పుస్తకంలో ఆ పరిమితిని గురించి చదివి, దాన్ని దాటే దారి కాగితంమీదే వేసుకున్నారు. ఎందుకలా రాశారో ఎక్కడా చెప్పుకోలేదు. నేనేమో అడగకుండానే దిద్దాను.

నా దిద్దుబాట్లు రెండూ తీసేశాను. అక్షరం మార్చకుండా ఆయన రాసినట్టే కొట్టి, మళ్ళీ అదే తేదీ ఇచ్చాను. 20 వచ్చింది. పదిహేను పోను అయిదు. బహుళ పంచమి.

"పంచాంగం తీస్తే తెలిసేదానికి రెండు రోజులు పట్టిందా నాయనా," అంది అమ్మ. అంటూనే కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరకు జరిగింది.

పెన్సిలు వెతికి, ఆ పేజీ పక్కన టిక్కు పెట్టాను.