ఇంటి ముందు సముద్రం - ఎక్కడానికి పడవేదీ?

సముద్రం ఉన్న ఊరికి వెళుతున్నాం కదా, ఇంక పడవలకేం కొదవ అనుకున్నానండీ, మావారికి మద్రాసు బదిలీ అయినప్పుడు. చెన్నై అని పేరు మారి ఎన్నేళ్ళయినా మా నోట మద్రాసే వస్తుంది. ఆ కొదవేమిటో అక్కడికి వెళ్ళాక గానీ తెలిసిరాలేదు. మీలోనూ బదిలీల మీద ఊళ్ళు మారేవాళ్ళుంటారు కదా, పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా అమ్మాయి సంగతి చెప్పాలి. దానికి పన్నెండేళ్ళు. హైదరాబాదులో ఉండగా రెండేళ్ళు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. హైదరాబాదుకి సముద్రం లేకపోయినా 2009లో మొదలైన యాట్ క్లబ్ ఉంది. వానాకాలం గాలులు రాగానే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆ సాగర్‌లోనే పోటీలు పడతారు. పిల్లలు నడిపే పడవని ఆప్టిమిస్ట్ అంటారు. పొడవు 7 అడుగుల 9 అంగుళాలు. ముందు భాగం మొనదేలి ఉండదు, నీళ్ళ తొట్టిలా మొండిగా ఉంటుంది. తక్కువ ఖర్చులో పిల్లలకి పనికొచ్చేలా 1947లో అమెరికాలో తయారుచేశారట. పదిహేనేళ్ళ వరకూ పిల్లలు ఒక్కళ్ళే దాన్ని నడుపుతారు.

నేనేమో సిద్దిపేట దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. బతుకమ్మని చెరువులో వదిలేటప్పుడు కూడా మోకాలి లోతు దాటి ఎరగను. పిల్ల నీళ్ళమీద ఉన్నంతసేపూ ఒడ్డున కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుకునేదాన్ని.

మద్రాసు వచ్చాక కొత్త బడి, రాని భాష. నెల తిరిగేసరికి పిల్లకి మాట తగ్గిపోయింది. బడి నుంచి రావడం, గదిలో దూరడం. కంచం ముందు కూర్చుని అన్నం కెలకడం. ఒకరోజు తన లైఫ్‌జాకెట్ తెచ్చి నా చేతికిచ్చి, "అటక మీద పెట్టమ్మా, ఇంక దీంతో పనేముంది" అంది. నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్లయింది.

ఆ ఆదివారమే మెరీనాకి వెళ్ళాం. ఎంత సముద్రమండీ! కానీ చిన్న తెరచాప ఒక్కటి కనపడితే ఒట్టు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే, వచ్చీరాని తెలుగులో, "ఇక్కడ కెరటం విరుగుతుందమ్మా, దాన్ని దాటించడం మాకే కష్టం, పిల్లల పడవ తిరగబడిపోతుంది" అన్నాడు. నేర్చుకునేవాళ్ళకి కావలసింది సముద్రం కాదు, అలలు విరగని నీళ్ళు అని అప్పుడు తెలిసింది. చెరువుల ఊళ్ళే ఈ విషయంలో నయం. 2023 ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ సముద్రం లేని మధ్యప్రదేశ్ పిల్లే, భోపాల్ చెరువులో నేర్చుకుంది!

ఇక విచారించడం మొదలుపెట్టాం. ఒకచోట మోటారు పడవలో షికారు తిప్పుతారు తప్ప నేర్పరు. ఇంకోచోట ఫోనే ఎత్తలేదు. చివరికి మావారి ఆఫీసులో ఒకాయన, "హార్బరు లోపల అడిగారా?" అన్నారు.

మద్రాసు రేవు సహజంగా ఏర్పడింది కాదు. సముద్రంలోకి రాళ్ళు పోసి గోడలు కట్టి కెరటాన్ని ఆపారు. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆ గోడకి అడ్డుపడి పేరుకునే మెరీనా అంత వెడల్పయిందట. మనం బఠాణీలు తింటూ కూర్చునే ఇసుక ఆ రేవు పుణ్యమే అన్నమాట. ఆ రేవు అధికారి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాంలో 1911లో పెట్టిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ అక్కడే ఉంది. తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ కూడా అక్కడే. పిల్లలకి వేసవి శిబిరాలు పెట్టేది వీళ్ళు.

మొదటిరోజు గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చాం. తప్పు మాదే. రేవంటే కాపలా ఉండే చోటు, ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలని తెలియదు. రెండోసారి గుర్తింపు కార్డులు పట్టుకుని వెళ్ళాం. లారీలు, కొండల్లా పేర్చిన కంటైనర్లు, ఆకాశానికంటే క్రేన్లు. వాటి వెనకాల గోడ చాటున నిశ్చలంగా నీళ్ళు, ఆ నీళ్ళమీద కొంగల్లా చిన్న చిన్న తెల్లటి తెరచాపలు! మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఈత వచ్చో లేదో చూశారు. తరవాత నా ముందు కాగితం పెట్టారు, తల్లిదండ్రుల సంతకానికి. వద్దంటే పిల్ల మళ్ళీ గదిలో దూరుతుంది. సరేనంటే నా ప్రాణం నిలవదు. చెయ్యి వణుకుతూనే సంతకం పెట్టాను.

ఇంటికొస్తే పక్కింటి మామి, "ఆడపిల్లకి సముద్రం ఎందుకమ్మా, నల్లబడిపోతుంది" అంది. "మామీ, మీ ఊరి నేత్రా కుమనన్ ఇలాంటి వేసవి శిబిరంలోనే మొదలుపెట్టి, సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కి అర్హత పొందిన మొదటి భారత మహిళ అయింది. 2021లోనూ, 2024లోనూ వెళ్ళింది. మావాళ్ళూ తీసిపోలేదు. 2017లో గోవాలో బయల్దేరి తారిణి పడవలో ప్రపంచం చుట్టి 2018లో తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళం అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు" అన్నాను. పైకి అంత ధైర్యంగా అన్నాను గానీ లోపల నాకూ అదే భయం.

మొదటిరోజు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగింది. చూస్తుండగానే మా అమ్మాయి పడవ బోల్తా పడింది! నేను లేచి నిలబడ్డాను, నోట మాట రాలేదు. వెంట తిరిగే మోటారు పడవ దగ్గరికి వెళ్ళింది గానీ అది సాయం అడగలేదు. పడవ అడుగున ఉండే పలక మీద కాళ్ళు వేసి తొక్కి, పడవని నిలబెట్టి, డబ్బాతో నీళ్ళు తోడిపోసి, మళ్ళీ తెరచాప అందుకుంది. ఒడ్డుకొచ్చి, "అమ్మా, ఇక్కడి నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో తెలుసా! సాగర్‌లో గాలి ఇలా ఉండదే, ఇక్కడ..." అంటూ ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. ఆ రాత్రి పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

మీరూ ఇలాంటి ఊరికి వెళితే బీచికి కాదు, ముందు రేవుకి వెళ్ళి అడగండి. షికారు తిప్పేవాళ్ళని కాక నేర్పేవాళ్ళని వెతకండి. బడిలో ఎన్‌సీసీ నౌకాదళ విభాగం ఉంటే అదీ ఒక దారే. పిల్లకి ముందుగా ఈత నేర్పించండి. లైఫ్‌జాకెట్ లేకుండా, వెంట కాపలా పడవ లేకుండా ఎక్కనివ్వకండి. మద్రాసులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుపాన్లూ కాబట్టి ఆ నెలలు చూసుకోండి. ఇంటికి రాగానే బట్టలూ జాకెట్టూ మంచినీళ్ళలో జాడించి నీడన ఆరేయండి. ఉప్పు పట్టిన జుట్టుకి ముందురోజే కొబ్బరినూనె రాస్తే చిక్కుపడదు.

లైఫ్‌జాకెట్ ఇప్పుడు అటక మీద లేదు, మా బాల్కనీలో దండెం మీద ఉంది. నన్ను కూడా పెద్ద పడవ ఎక్కించి తిప్పుతానంటోంది మా అమ్మాయి. ఇంకా ఒప్పుకోలేదు గానీ, మొన్న ఆ జాకెట్ నాకు పడుతుందేమోనని ఎవరూ చూడకుండా వేసుకుని చూశానండోయ్!