స్తంభం పాదం చూశారా?

పేజీడు అంకెలు చెప్పలేని మాటను ఒక్క బొమ్మ చెబుతుంది. అందుకే డెస్కులో ఏ నివేదిక వచ్చినా నా చూపు ముందు గ్రాఫు మీదకే పోతుంది.

క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారు. ఆ సంగతిని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల రేకుల పటంగా గీసి చూపారు. సైన్యంలో పారిశుద్ధ్యం కోసం ఆమె చేసిన వాదనకు అదో పెద్ద బలం.

అదే బొమ్మ కనికట్టూ చేయగలదు. ఆమధ్య అక్క ఓ కాలేజీ కరపత్రం తెచ్చింది. అందులో రెండేళ్ల ఉత్తీర్ణత స్తంభాలున్నాయి. రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఎత్తు! 'ఎంత ఎదిగారో చూడరా, అప్పు చేసైనా బాబును ఇక్కడే చేర్పిస్తాం' అంది. పక్కనున్న అంకెలు చదివాను. 88 శాతం, 91 శాతం. తేడా మూడే. నిలువు గీత సున్నా దగ్గర కాక 85 దగ్గర మొదలైంది. అందుకే ఒక స్తంభానికి మూడు గళ్లు, రెండోదానికి ఆరు. ఒక్క అంకే తప్పు కాదు, కన్ను మాత్రం మోసపోయింది.

పిల్లల చదువైనా, పొదుపు పథకమైనా స్తంభం ఎత్తు చూసి మురిసిపోయే ముందు దాని పాదం ఎక్కడుందో చూడండి. ఆ ఒక్క చూపు ఒక్కోసారి ఏడాది జీతాన్ని కాపాడుతుంది.