సంచార వర్తకుని స్వరం

శబ్దం పెద్దదైనంత మాత్రాన మాట స్పష్టం కాదు. సభలలో, సంతలలో మనం నిత్యం గమనించే ఈ సత్యాన్ని నాకు భౌతికశాస్త్ర గ్రంథం కంటె ముందుగా మా నాన్నగారి మోటారు సైకిలు బోధించింది.

దూరయాత్రల మోటారు సైకిలు అనగానే కొందరికి హోండా గోల్డ్ వింగ్ వంటి విదేశీ వాహనాలు స్ఫురించవచ్చు. వాటిలోని స్పీకర్లు ప్రయాణికుని వినోదానికి ఉద్దేశించినవి. మన పశ్చిమ కర్నూలు ప్రాంతపు సంచార వాహనం వేరు. దాని వెనుక దుప్పట్ల, తువ్వాళ్ల మూటలు. ముందు ఒక ధ్వనివర్ధకం. 1938లో చేనేత సహకార సంఘం వెలసిన ఎమ్మిగనూరులో బట్టలు తీసుకొని, ఆదోని చుట్టుపట్ల పల్లెలలో విక్రయించడం మా నాన్నగారి వృత్తి.

చాలా ఏళ్లు ఆయన కేకతోనే వర్తకం సాగించారు. ఎండలో, ధూళిలో అరచి అరచి గొంతు బొంగురుపోయింది. స్వరతంత్రులపై చిన్న బుడిపెలు ఏర్పడినవని, కేకలు మానక తప్పదని వైద్యులు హెచ్చరించారు. అరవకపోతే బేరం లేదు. బేరం లేకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. మా చదువులు సైతం ఆ గొంతుపైనే ఆధారపడి ఉన్నవి.

మొదట బండికి ఒక చిన్న పెట్టె స్పీకరు కట్టించాము. ఇంజను మ్రోతలో మాట కలిసిపోయేది. మరింత శక్తిగల యాంప్లిఫయరు కొనడమా అని ఆలోచిస్తుండగా ఆదోనిలో ఒక రేడియో మెకానిక్కు, "వాట్లు పెంచితే బ్యాటరీ దిగిపోతాది గానీ మాట దూరం పోదప్పా. హారన్ కట్టు" అన్నాడు.

శాస్త్రం కూడ ఆ మాటనే సమర్థిస్తున్నది. యాంప్లిఫయరు శక్తిని రెండింతలు చేసినా ధ్వని 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలుగా వినిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. బాకా ఆకారపు హారన్ స్పీకరు అయితే లోపలి పొర కంపనాన్ని గాలికి చక్కగా అందించి, ధ్వనిని ఒక దిశకు మళ్లిస్తుంది. అందుచేత స్వల్ప విద్యుత్తుతోనే మాట దూరం చేరుతుంది. దానికి ఫ్యూజుతో కూడిన 12 వోల్టుల వేరొక బ్యాటరీ అమర్చి, రాత్రివేళ ఇంటివద్ద ఛార్జి చేయసాగాము. బండి బ్యాటరీపై భారం తగ్గింది. ఇంజనుతోపాటు స్పీకరులో వినవచ్చే కీచుమ్రోత కూడ అంతరించింది.

బజారులో సిద్ధంగా దొరికే ప్రకటనల గొంతును నాన్నగారు అంగీకరించలేదు. కొన్ని వారాలు గొంతుకు విశ్రాంతినిచ్చి, పిమ్మట మెల్లని స్వరంతో తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో తామే పలికి మెమొరీ కార్డులో ముద్రింపించారు. దాని విలువ పల్లెలలో తెలియవచ్చింది. "దుప్పట్ల సాయిబన్న వచ్చినాడు" అంటూ స్త్రీలు గడప దాటి రాసాగారు. అరువిచ్చి, పంట చేతికి వచ్చేదాకా ఓపిక పట్టిన మనిషి గొంతు అది. కొనేవారికి వినిపించేది సరుకు పేరు మాత్రమే కాదు, నమ్మకం కూడ.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో ధ్వనివర్ధకాలను నిషేధించింది. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించడానికి వీలు కల్పించింది. నాన్నగారు చావు జరిగిన ఇంటి వీధిలోను స్పీకరు ఆపివేస్తారు. ఆ నియమం ఏ పుస్తకంలోను వ్రాయబడలేదు.

మంచి ధ్వనియంత్రానికి గీటురాయి దాని బిగ్గరతనం కాదు. అది ఏ మనిషి శ్రమను తగ్గించింది, ఎవరి చెవిని నొప్పించక మాటను చేర్చింది అన్నదే. నాన్నగారి గొంతు పూర్వస్థితికి పూర్తిగా రాలేదు. అయినా, సాయంకాలం ఇల్లు చేరిన పిదప మాతో మాట్లాడడానికి అది మిగిలి ఉంటున్నది.