ఉగ్గుగిన్నె

2024 జనవరి 14, భోగి, తెనాలి

ఇల్లంతా అరిసెల పాకం వాసన. అమ్మ పొద్దుటి నుంచి చేస్తూనే ఉంది కానీ ఒక్కసారి కూడా "ఒకటి నోట్లో వేసుకో" అనలేదు. ఆ మాట రాకుండా ఆవిడ ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. నాకు ఉదయం, రాత్రి ప్రోటీన్ పొడి కలిపిన పాలు, మధ్యాహ్నం రెండు గుడ్లు, ఆకుకూర. బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు రెండు వారాలూ ఇంతే. కాలేయానికి కొవ్వు పట్టింది. అన్నం, తీపి మానేస్తే అది కొంత చిన్నదవుతుందట. అప్పుడు దాన్ని పక్కకి ఎత్తి జీర్ణాశయాన్ని అందుకోవడం డాక్టరుగారికి సులువు.

104 కిలోలు. ఎత్తు 158 సెంటీమీటర్లు. కిందటేడు మొత్తమ్మీద నెలసరి మూడుసార్లు వచ్చింది, మూడూ మాత్రలు వేసుకుంటేనే.

జనవరి 23, విజయవాడ, ఆసుపత్రి గది

నిద్ర రావడం లేదు. 17 ఏళ్లప్పుడు మొదటిసారి స్కాన్ తీయించారు. "నీటిబుడగలున్నాయి. తిండి తగ్గించు, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని ఆ డాక్టరు రెండు నిమిషాల్లో పంపేశారు. ఆ "తిండి తగ్గించు" అన్న మాట 14 ఏళ్లు మోశాను. ఎన్నిసార్లు తగ్గానో, ఎన్నిసార్లు అంతకు మించి పెరిగానో!

ఇప్పటి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, శరీరం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొడితే మగ హార్మోన్లు పెరుగుతాయి. అండం సగం పెరిగి ఆగిపోతుంది. నీటిబుడగలని అందరూ అనేవి గడ్డలు కావు, అలా మధ్యలో ఆగిపోయిన అండాల తిత్తులు. మెడ మీది నలుపు, గడ్డం కింద వెంట్రుకలు, నెలలు తప్పడం, అన్నిటికీ అదే మూలం. మెడ మీద మట్టి అనుకుని చిన్నప్పుడు అమ్మ సున్నిపిండితో రుద్ది రుద్ది ఎర్రగా చేసేది. ఇంటికెళ్లాక ఆవిడకీ ఈ బొమ్మ చూపించాలి.

జనవరి 28, తెనాలి

జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేశారు. మిగిలింది అరటికాయంత సన్నటి గొట్టం. గుక్కకి, గుక్కకి మధ్య ఆగి ఆగి తాగాలి. గ్లాసుతో కొలత తెలియడం లేదంటే అమ్మ బీరువాలోంచి నా ఉగ్గుగిన్నె తీసింది. నాకు ఆర్నెల్లప్పుడు తాతయ్య చేయించిన వెండి గిన్నె. నిండా పోస్తే 30 మిల్లీలీటర్లు, మందు సీసా మూతతో కొలిచి చూశాం. పావుగంటకో గిన్నె. చారు తేట, పల్చటి మజ్జిగ, బార్లీ నీళ్లు.

ఒక సంగతి రాసుకోవాలి. ఆకలి లేదు. పొట్టలో నొప్పి వల్ల కాదు, మనసులో కూడా లేదు. పోపు వాసన వస్తోంది, బాగుంది అనిపిస్తోంది, అంతే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ పైభాగంలోనేనట. తక్కిన వాళ్లు భోజనాల మధ్య ఇంత నిమ్మళంగా ఉంటారా? నాకు నిగ్రహం లేదని నేనే నమ్మాను. నిగ్రహం గురించి నాతో మాట్లాడిన ఎవరికీ నా ఆకలి లేదు.

ఫిబ్రవరి 17

పది రోజులుగా తూకం కదలడం లేదు. మూడో వారంలో చాలామందికి ఇలా అవుతుందని చెప్పారు కానీ, పొద్దున్నే ఏడ్చాను. మధ్యాహ్నం బయట చేరాను. మాత్ర లేకుండా! గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే సంతోషించారు గానీ, కొవ్వు వేగంగా కరిగేటప్పుడు అందులోని ఈస్ట్రోజెన్ బయటికొచ్చి కూడా ఇలా అవ్వచ్చు, దీన్నిబట్టి అండం విడుదలైందని అనుకోవద్దు అన్నారు. అయినా జాగ్రత్తలు మాత్రం ఈ రోజు నుంచే పాటించమన్నారు. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. నాకే పోషణ చాలని సమయంలో బిడ్డకి ఏం అందుతుంది?

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి ఒక చెంచా. 88 కిలోలు.

విస్తరి తలకిందులైంది. ముందు గుడ్డో, చేప ముక్కో, ముద్దపప్పో, తర్వాత కూర, ఖాళీ ఉంటే అప్పుడు అన్నం. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదు. గుడ్డుకి ఆరు గ్రాములు, లెక్క ఎక్కడికి చేరుతుంది? తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. పప్పన్నం మధ్యలో నీళ్ల గ్లాసు అందుకునే చెయ్యి ఇంకా ఆగడం లేదు.

మే 20

దువ్వెన నిండా జుట్టు. ఆపరేషన్ అయిన మూడు నాలుగు నెలలకి చాలామందికి ఊడుతుందని, మళ్లీ వస్తుందని ముందే చెప్పారు. చెప్పడం వేరు, స్నానాల గదిలో చూసుకోవడం వేరు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువుంది. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. బీ12, డీ విటమిన్, పిత్తాశయంలో రాళ్లు పడకుండా ఇంకో మాత్ర. నేను పనిచేసే బ్యాంకు కౌంటర్ దగ్గర ఫోన్‌లో నాలుగు అలారాలు.

జూన్ 11

డాక్టరమ్మ ఈసారి కొత్త సంగతి చెప్పారు. ఇంగ్లాండులో నాలాగే పీసీఓఎస్, అంటే అండాశయాల్లో నీటిబుడగల జబ్బు, ఉన్న 80 మందిని రెండు జట్లు చేసి, సగం మందికి నాకు చేసిన ఆపరేషనే చేశారట. మిగతా వాళ్లకి మందులు, ఆహార సలహాలు. ఏడాదిలో ఆపరేషన్ అయినవాళ్లలో అండం విడుదలవడం రెండున్నర రెట్లు ఎక్కువ. ఈ మధ్యే లాన్సెట్‌లో వచ్చింది. "అయినా జబ్బు పోయిందనుకోకు, అణిగింది. బరువు తిరిగొస్తే అదీ తిరిగొస్తుంది" అన్నారు.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం

తాంబూలానికి వచ్చిన ప్రతి ఒక్కరూ నా నడుమే చూశారు. "ఏం తిని తగ్గావే?" అని అడిగిన పిన్నికి నిజం చెప్పేశాను. గది నిశ్శబ్దమైపోయింది. అమ్మ మొహం చిన్నబోయింది. సులువైన దారి పట్టిందని అనుకుంటారని ఆవిడ భయం. అనుకోనీ. నడక వల్ల తగ్గానని అబద్ధం చెబితే, నడిచీ నడిచీ తగ్గని ఇంకో అమ్మాయి తనని తానే తిట్టుకుంటుంది.

పిన్ని కూతురు వంటింట్లోకి వచ్చి నిలబడింది. 17 ఏళ్లు. దుపట్టాని మెడ చుట్టూ కప్పుకుంది, ఈ ఉక్కలో. "అక్కా, నాకూ నెలసరి వచ్చి నాలుగు నెలలైంది" అంది. మెల్లగా దుపట్టా తీసి చూశాను. అదే నలుపు. ఎంతకాలంగా రుద్దుకుంటోందో, అంచున చర్మం గీరుకుపోయి ఉంది.

అక్టోబర్ 5

తేదీ దాటి తొమ్మిది రోజులు. మా ఆయన మందుల షాపు నుంచి పరీక్ష కిట్ తెచ్చారు. లేదు. ఒక్క గీతే. ఇప్పుడు వద్దని తెలిసీ, ఆ ఒక్క గీత చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ఆయన వంటింట్లోకి వెళ్లి నాకు పెసరట్టు వేసి పెట్టారు.

2025 జనవరి 24

ఏడాది. 73 కిలోలు. మూడు నెలల చక్కెర సగటు 6.2 నుంచి 5.4కి దిగింది. మెడ చాలావరకు తెల్లబడింది. గడ్డం కింద వెంట్రుకలు మాత్రం పోలేదు, మూడు వారాలకోసారి త్రెడ్డింగ్ తప్పడం లేదు. ముదిరిన వెంట్రుక హార్మోన్ తగ్గినంత మాత్రాన పోదట. అది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పాత క్యాలెండర్ దించి చుక్కలు లెక్కపెట్టాను, తొమ్మిది. అంతకు ముందు ఏడాది మాత్రలతో మూడు.

రేపు పిన్ని కూతుర్ని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. దాని బరువు 66, ఆపరేషన్ మాటే అవసరం లేదు. ఇన్సులిన్, థైరాయిడ్ పరీక్షలు రాయమని అడగాలి. నెలసరి రాకుండా మూడు నెలలు దాటితే గర్భసంచి లోపలి పొర మందమవ్వచ్చని పిన్నికి ఆవిడ చేతే చెప్పించాలి, నా మాట వినడం లేదు. బొమ్మ గీయమని కూడా అడుగుతాను. ఉదయం స్కాన్‌కి నీళ్లు బాగా తాగి రావాలని ఇప్పుడే ఫోన్ చేయాలి.