దూడ వాటా

ఆవు ఈనిందన్న వార్త వీధిలో దాగదు. పొద్దెక్కేలోగా ఇరుగుపొరుగు పిల్లలు గిన్నెలు పట్టుకొని వాకిట నిలబడతారు. ఒకరింట ఆవు ఈనితే నాలుగిళ్ళవారు జున్ను తినడం పల్లెల్లో పాతకాలపు మర్యాద. బెల్లం, మిరియాలపొడి వేసి ఆవిరిమీద ఉడికించిన జున్ను అంటే ఎవరికి నోరూరదు? అయితే ఆ గిన్నెలన్నిటికంటె ముందు నిలవవలసిన ప్రాణి ఒకటుంది. అది నోరులేని దూడ.

మనిషి బిడ్డకు రోగాలను ఎదిరించే శక్తి కొంత తల్లి కడుపులోనే మాయ ద్వారా అందుతుంది. ఆవు మాయ నిర్మాణం వేరు. రోగాలతో పోరాడే పదార్థాలు దాని గుండా దూడకు చేరవు. అందుచేత దూడ కవచం లేకుండా లోకంలోకి వస్తుంది. ఈనిన వెంటనే వచ్చే చిక్కని ముర్రుపాలే, అంటే జున్నుపాలే, దానికి కవచం. తొలి గంటలలో దూడ పేగు ఆ పదార్థాలను ఉన్నవి ఉన్నట్లుగా రక్తంలోకి పోనిస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఆ ద్వారం మూసుకొంటుంది. సుమారు 24 గంటలకు పూర్తిగా మూతపడుతుంది. ఆ తరువాత కడవెడు ముర్రుపాలు పోసినా ఆ మేలు తిరిగి రాదు.

మాయ పడేదాకా దూడకు పాలు విడవరాదని కొందరు నమ్ముతారు. మాయ పడడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. దూడకు విలువైనవి ఆ గంటలే. ఆలస్యమైతే పారుడు వంటి రోగాలు సులభంగా సోకుతాయి. ఎన్నో దూడలు తొలి వారాలలోనే కన్ను మూస్తాయి.

పుట్టిన దూడ కడుపులోకి కంటికి కనిపించని అతిథులు కూడా వస్తారు. తల్లి నాలుక, పొదుగు, కొట్టంలోని గడ్డి, వీటినుండి సూక్ష్మజీవులు పేగులో చేరుతాయి. వాటిలో మేలు చేసేవీ, కీడు చేసేవీ ఉంటాయి. ముర్రుపాలు మేలు చేసేవాటికి తోడ్పడతాయి. దూడ గడ్డి కొరకడం మొదలుపెట్టాక అవి పెద్దపొట్టలో స్థిరపడి, పీచును పులియబెట్టి, పొట్ట ఎదుగుదలకు కారణమవుతాయి. గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని సూక్ష్మజీవులదే. ఏనుగు గున్న తల్లి పేడను తినడం కూడా ఇలాంటి సూక్ష్మజీవులను పొందడానికే. అందువల్ల పశువైద్యుని సలహా లేకుండా సూక్ష్మజీవులను చంపే మందులు దూడకు పట్టరాదు. అవి మేలు చేసేవాటినీ తుడిచిపెడతాయి.

దూడకు పుట్టిన గంట రెండు గంటలలోనే ముర్రుపాలు పట్టాలి. 25 కిలోల దూడకు మొదటి రోజున రెండున్నర లీటర్లయినా అందాలి. దూడ వాటా పోగా మిగిలినది పంచుకోవడంలో తప్పులేదు.

“అవ్వా, జున్నుపాలేవి?” అని గిన్నె చాచిన పిల్లవాడితో అనుభవమున్న అవ్వ, “ముందు దూడ పొట్ట చూడు నాయనా! తరువాత నీ గిన్నె చూద్దాం” అంటుంది. జున్ను ఒక పూట రుచి. దూడకు ముర్రుపాలు జీవితకాలపు బలం.