ముప్పై చింతగింజలు

చిన్నపిల్లల చదువు ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే, పలక మీద అని ఒకప్పుడు తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. నా అభిప్రాయం మారడానికి కారణం మా ఊరి బాల్వాడిలో పనిచేసిన ఒక ఆయమ్మ. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

అది 2000వ సంవత్సరం. మేము హోసూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నేడు కృష్ణగిరి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో ధర్మపురి జిల్లాలోది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వీధిలో వినిపించే చోటు అది. తాతల నాటి నుంచి మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను బడిలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పే వాడి బిడ్డకు అందరికంటే ముందే అక్షరాలు రావాలని నా పట్టుదల. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెత ఎప్పుడూ నా నాలుక మీదే ఉండేది.

రోజూ దీపాలు పెట్టే వేళకు పిల్లను పలక ముందు కూర్చోబెట్టేవాణ్ణి. ‘అ’ దిద్దమంటే తల ఒక పక్కకు, తోక మరో పక్కకు పోయేది. బలపం మాటిమాటికీ చేతిలోంచి జారేది. ఒకనాడు విసుగు పట్టలేక స్కేలుతో వేళ్ళ మీద కొట్టాను. గట్టిగా కొట్టలేదని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్ల ఏడవలేదు. వేళ్ళు గుప్పిట్లో దాచుకొని నా వంక చూసింది.

మరునాడు పలక కనబడలేదు. ఇల్లంతా వెతికాం. నాలుగు రోజుల తరువాత మా ఆవిడ రాగులు తీస్తుంటే బాన అడుగున దొరికింది. అప్పటి నుంచి నా సైకిలు గంట వినబడితే చాలు, పిల్ల తలుపు చాటుకు పోయేది. సాయంత్రం తండ్రి ఇంటికి వస్తే బిడ్డలు ఎదురు పరుగెత్తుతారు. నా బిడ్డ దాక్కునేది. ఆ దుఃఖం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

ఆ నెలలోనే మా అమ్మ జారిపడి మంచం పట్టింది. మా ఆవిడకు అత్తగారి సేవతోనే సరిపోయేది. పిల్లను చూసుకొనేవారు లేక బాల్వాడికి పంపాం. అది ఒకే ఒక గది. ముందు వెడల్పైన ముంగిలి, ముంగిలి చివర పెద్ద చింతచెట్టు. టీచరమ్మ, ఆమెకు తోడుగా ఆయమ్మ. ఆయమ్మకు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. తెలుగింటి మనిషి, సంతకం మాత్రమే నేర్చింది. పది రోజులు గడిచాక నేను అక్కడికి వెళ్ళాను. పిల్లలంతా చెట్టు కింద మట్టిలో ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ పలక లేదు.

“ఇక్కడ చదువు చెప్పరా?” అని కాస్త కటువుగానే అడిగాను. ఆయమ్మ నవ్వి, “ఒక పొద్దు కూర్చోని చూడండి సారూ” అంది. ఆ రోజు శనివారం, నాకు సెలవు. సరే అని అరుగు మీద కూర్చున్నాను.

మొదట ఆమె పిల్లల్ని ఆకులు ఏరుకు రమ్మంది. వాళ్ళు చింత, వేప, మామిడి, మర్రి ఆకులు తెచ్చారు. అన్నిటికంటే చిన్నది ఒక చివర, పెద్దది మరో చివర వచ్చేలా వరసగా పేర్చమంది. ఒక పిల్లవాడు చింతాకు రెమ్మను చూపి ఇదే పెద్దదన్నాడు. ఇంకొకడు కాదు, అందులో ఒక్కొక్క ఆకూ విడివిడిగా చిన్నదన్నాడు. ఆయమ్మ తీర్పు చెప్పలేదు. వాళ్ళే గొంతుకూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. తరువాత ఆమె వేపాకు ఎత్తి చూపింది. మా పిల్ల “వేప” అంది. పక్కనున్న తమిళ పిల్లవాడు “వేంబు” అన్నాడు. కన్నడ పిల్ల “బేవు” అంది. ముగ్గురూ ఒకరి మాట ఒకరు పలికి చూసి పకపకా నవ్వారు. మూడు భాషల చుట్టరికాన్ని నేను ఎమ్మేలో లావుపాటి పుస్తకాల్లో చదివాను. ఆ పిల్లలకు అది ఒక వేపాకుతో తెలిసింది.

ఆ తరువాత నీళ్ళ ఆట. వెడల్పైన పళ్ళెంలో జానెడు కూడా లోతు లేకుండా నీళ్ళు పోసింది. ఎండుటాకు, గులకరాయి, టెంకాయ చిప్ప, ఇనుప మేకు పక్కన పెట్టింది. “ఏది మునుగుతుంది? ఏది తేలుతుంది?” అని ముందు అందరి చేతా చెప్పించి, ఆ మీదటే ఒక్కొక్కటి వేయించింది. చిప్ప కంటే మేకు ఎంతో చిన్నది కదా, అదే తేలుతుందని చాలామంది అన్నారు. మేకు బుడుంగున మునిగింది. పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. ఊహించడం, పరీక్షించి చూడడం, ఊహ తప్పితే ఒప్పుకోవడం, ఈ మూడూ అక్కడ ఒక్క పావుగంటలో జరిగిపోయాయి. ఆట అయినంత వరకు ఆమె పళ్ళెం పక్క నుంచి కదలలేదు. అయిన వెంటనే నీళ్ళు చెట్టు మొదట్లో పోసింది. “నీళ్ళ దగ్గర బిడ్డల్ని విడిచి తల తిప్పకూడదు సారూ” అంది.

ఎండ ఎక్కుతుండగా నీడలోకి చేరారు. మూడేళ్ళ లోపు వాళ్ళకు జొన్న కంకి బెండ్లు, టెంకాయ చిప్పలు ఇచ్చింది. చిన్న వస్తువులు ఇస్తే నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారని ఆమె భయం. ఆ భయం న్యాయమైనదే. పెద్ద పిల్లలకు చింతగింజలు లెక్కపెట్టి ఇచ్చింది. “ముప్పై ఇస్తావుండా, ముప్పై రావల్ల” అంది. వాళ్ళు ఐదేసి గింజల్ని కుప్పలుగా పెట్టారు, గుప్పిట్లో కొన్ని దాచి ఎన్నని అడిగారు, వామనగుంటల్లో నింపారు. చివరికి తిరిగి లెక్క అప్పజెప్పారు. ఒక గింజ తగ్గితే అందరూ కలిసి వెతికారు. కూడిక, తీసివేత, నిజాయితీ మూడింటికీ అవే ముప్పై గింజలు.

మా పిల్లకు మాత్రం ఒక చేట ఇచ్చింది. అందులో అలసందలు, ఉలవలు, కందులు కలిపి ఉన్నాయి. వాటిని వేరు చేయాలి. పిల్ల బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చేర్చి ఒక్కొక్క గింజా పట్టి తీస్తోంది. నేను చూస్తూ ఉండిపోయాను. బలపం పట్టుకోవలసింది ఆ మూడు వేళ్ళతోనే కదా! ఆ పట్టు రాకముందే నేను ఆ చేతికి బలపం ఇచ్చి, జారిపోతోందని కొట్టాను.

నా సామెత నేను అన్నాను. “మొక్కగా ఉన్నప్పుడే వంచాలంటారు కదమ్మా?” ఆయమ్మ నా వైపు చూడకుండానే, “వంచేదానికి ముందు నీళ్ళు పొయ్యల్ల గదా సారూ” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పలకను అటక మీద పెట్టేశాను. ముంగిట్లో ఇసుక పోయించి పిల్లతో కలిసి కూర్చున్నాను. మొదటి రెండు రోజులు నాకు అందనంత దూరంలోనే ఆడుకుంది. మూడవ రోజు వేలితో ఇసుకలో పెద్ద గుండ్రం చుట్టి, “నాన్నా, దోసె” అంది. పక్కనే చిన్నది చుట్టి, “సున్న” అంది. దోసెకు, సున్నకు, జాబిల్లికి ఒకే చుట్టు చాలునని కనిపెట్టింది. కొన్ని నెలలకు ఆ చుట్ల నుంచే అక్షరాలు వచ్చాయి. నా సైకిలు గంటకు మళ్ళీ ఎదురు రావడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది.

తరువాతి కాలంలో పసిపిల్లల విద్య గురించి పుస్తకాలు వెతికి చదివాను. నాలుగేళ్ళ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవని తెలుసుకున్నాను. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు అర్థం పిల్లల తోట. రోమ్ నగరంలోని పేదల వాడలో మరియా మాంటిసోరి 1907లో బాలల గృహం ప్రారంభించింది. మన దేశంలో గిజూభాయి 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పాడు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో గింజలు, ఆకులు, గవ్వల వంటి చుట్టూ దొరికే వస్తువులతోనే పల్లె పిల్లలకు బాలవాడి నడిపారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ళ ముంగిలికి పోవాలన్నది వారి ఆలోచన. అంగన్‌వాడి అన్న పేరులో ఉన్నదీ ఆ ముంగిలే. 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీలు ఊరూరికీ వచ్చాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ వయసు నుంచే ఆటపాటల చదువును విద్యలో భాగంగా చెప్పింది. ఈ పేర్లలో ఏ ఒక్కటీ ఆయమ్మ విని ఉండదు. పిల్లల్ని ఓపికగా చూడడం మాత్రం ఆమెకు తెలుసు.

ఈ పాఠం చదివే మీలో చాలామంది ఇళ్ళలో చిట్టి తమ్ముడో చెల్లెలో ఉంటారు. మీ వీధిలో ఏ భాష వినిపించినా, వాళ్ళకు తెలుగు ముందుగా వచ్చేది మీ నోటి నుంచే. రోజూ ఒక అరగంట వాళ్ళను చెట్టు కిందికి తీసుకుపోండి. ఆకుల పేర్లు చెప్పండి. చీమల బారు ఎక్కడికి పోతోందో కలిసి చూడండి. పొద్దున నీడ పొడవెంతో, మధ్యాహ్నం ఎంతో అడుగులతో కొలవండి. వాళ్ళు తప్పు చెబితే వెంటనే దిద్దకండి. మరోసారి చూడమనండి.

ఆయమ్మ ఇప్పుడు లేదు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా పెద్ద నగరంలో ఉంటోంది. పోయిన వేసవిలో తన నాలుగేళ్ళ కొడుకును తీసుకువచ్చింది. వాడు అంకెలన్నీ ఇంగ్లీషులోనే చెబుతున్నాడు. నేను ఏమీ అనలేదు. ముంగిట్లో చాప పరిచి, వాడి ముందు చింతగింజలు పోసి, “ముప్పై ఇస్తున్నాను, ముప్పై రావాలి” అన్నాను. పది రోజులు అదే ఆట. వెళ్ళే ముందు రోజు వాడే గింజలు నా ముందు పోసి, ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది దగ్గర ఆగి, నా ముఖంలోకి చూశాడు. చాప కింద వెతికాను, అరుగు కింద వెతికాను. మా అమ్మాయి గడపలో నిలబడి చూస్తోంది. వాడు నవ్వు ఆపుకోలేక గుప్పిట తెరిచి, “ముప్పై, తాతా!” అన్నాడు.