తొక్కి పట్టుకో!

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి మా ఆవిడది. అది నలుగురు మనుషుల్ని, నెల సరుకుల్ని, అవసరమైతే ఒక మడత మంచాన్ని కూడా మోస్తుంది. రెండోది నాది. అందులో ఇద్దరే పడతారు. పైకప్పు గుడ్డది. వానొస్తే లోపల గొడుగు వేసుకోవలసి వస్తుందేమోనని మా ఆవిడ మొదటి రోజే అనుమానం వెలిబుచ్చింది.

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్థిరపడి ఇరవయ్యేళ్లు దాటింది. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. చేతులకు మసి అంటే పనేదైనా చెయ్యాలని ఎప్పట్నుంచో కోరిక. 2016లో ఆ కోరిక ముదిరి, 1992 నాటి మాజ్డా మియాటా ఒకటి కొన్నాను. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో మొదటిసారి జనం కంటబడిన జపాను బండి అది. ఇంజను 1.6 లీటర్లది, 116 గుర్రాల బలం. గుర్రాలు తక్కువే గాని మోయవలసిన బరువూ తక్కువే. మొత్తం బండి సుమారు వెయ్యి కిలోలే. అంచేత మలుపుల్లో అది చేపపిల్లలా తిరుగుతుంది.

ఇలాంటి బండిని ఊళ్లో రోడ్ల మీద దౌడు తీయిస్తే పోలీసులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడాను. అందుకని ఈ దేశంలో పందెపు మైదానాలను కొన్ని రోజుల పాటు మామూలు మనుషులకు అద్దెకిస్తారు. అది పందెం కాదు. ఎవరి బండి వాళ్లు తోలుకోవడమే. ముందున్నవాడు చెయ్యి చాపి దారి చూపిస్తే తప్ప వెనకవాడు దాటకూడదు. కొత్తవాళ్ల పక్క సీట్లో అనుభవజ్ఞుడైన గురువు ఒకాయన కూర్చుని పాఠం చెబుతాడు.

మేం వెళ్లేది థండర్‌హిల్ అనే మైదానానికి. విల్లోస్ అనే చిన్న ఊరి దాపున ఉంది. ఒక చుట్టుకు మూడు మైళ్లు, పదిహేను మలుపులు. దారి పొడవునా వరి చేలు! ఆ నీళ్లు నిండిన మళ్లు చూస్తే కృష్ణా జిల్లా గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. కాకపోతే ఇక్కడ నాట్లు వేసే కూలీలుండరు. విమానంలోంచి విత్తనాలు చల్లేస్తారు.

సరే, కారు కొన్నాను. ఇక దాన్ని ‘బాగుచెయ్యాలి’ గదా! శనివారాల్లో గరాజు తలుపు తీసి, స్పానర్ల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. మొదట సైలెన్సరు మార్చాను. గుర్రాలెన్ని పెరిగాయో గాని, పక్కింటివాళ్ల పలకరింపులు తగ్గాయి. తరువాత తేలికపాటి చక్రాలు వేశాను. స్టీరింగు మార్చాను. స్ప్రింగులు మార్చి బండిని రెండంగుళాలు కిందికి దించాను. వీధిలోని గతుకుల లెక్క నాకు మొట్టమొదటిసారిగా తెలిసింది అప్పుడే.

పైకప్పు లేని బండి తిరగబడితే తల చితికిపోకుండా సీట్ల వెనక ఒక ఇనుప కమాను ఉండాలని మైదానంవారి నిబంధన. తివాసీ పీకి, నేలకు రంధ్రాలు పెట్టి, అడుగున రేకు పలకలు వేసి, బోల్టులతో బిగించాను. దానికొక పరీక్ష ఉంది. కమాను మీద నుంచి ముందు అద్దం చట్రం మీదికి చీపురు కర్ర ఆనిస్తే, హెల్మెట్ పెట్టుకున్న మన తల ఆ కర్రకు తగలకూడదు. నా తల తగిలింది. తల కోసుకోలేం గదా, సీటు కోశాను. పై గుడ్డ విప్పి, లోపలి స్పాంజిని వంటింటి రొట్టె కత్తితో రెండంగుళాల మేర చెక్కేశాను. చీపురు పోయింది, రొట్టె కత్తి పోయింది, ఈయనకేమయిందోనని మా ఆవిడ గరాజులోకి వచ్చి చూసి, మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఇన్ని చేసినవాణ్ణి ఒక్కటి మాత్రం చెయ్యలేదు. బ్రేకు ఆయిలు మార్చలేదు.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన షెడ్డు చుట్టూ తిరిగేవాణ్ణి. “ఇంజను బండిని నడుపుతుందిరా. మనిషిని ఇంటికి చేర్చేది బ్రేకు,” అనేవాడు. ఆ మాట నాకు తెలియక కాదు. కాని కొత్త చక్రాలు నలుగురికీ కనిపిస్తాయి. కొత్త బ్రేకు ఆయిలు ఎవరికి కనిపిస్తుంది? పైగా ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి. మా ఆవిణ్ణి పిలవాలి. పిలిస్తే ప్రశ్నలు వేస్తుంది. వాయిదా వేశాను.

2018 ఆగస్టులో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరుతుంటే, “అన్నీ చూసుకున్నారా?” అంది. “చూసుకున్నాను,” అన్నాను. మైదానానికి చేరాక ఒక కాగితం ఇచ్చారు. చక్రాల నట్లు బిగించారా, బ్యాటరీ కదలకుండా ఉందా, ఇలా ఓ ఇరవై ప్రశ్నలు. అందులో ఒకటి: బ్రేకు ఆయిలు ఆరు నెలల లోపల మార్చారా? నేను మార్చి పదిహేడు నెలలయింది. ఒక్క క్షణం కలం ఆగింది. తరువాత ‘అవును’ అన్నచోట గీత గీసి సంతకం పెట్టాను. ఈ వ్యాసంలో నేను చెప్పుకోదలచిన తప్పు అదే. మిగతాదంతా దాని ఫలితం.

పొద్దుట రెండు విడతలు హాయిగా గడిచాయి. మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటింది. మూడో విడత. నా పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన గురువుగా కూర్చున్నాడు. నాలుగో చుట్టులో బ్రేకు పెడలు కాస్త మెత్తగా తగిలింది. అయిదో చుట్టులో ఇంకా లోపలికి వెళ్లింది. ఆయనతో చెబితే వెనక్కు మళ్లించమంటాడు. ఇంకొక్క చుట్టు, అనుకున్నాను.

వెనక వైపు పొడుగాటి తిన్నని దారి ఒకటుంది. దాని చివర, గంటకు నూరు మైళ్ల దగ్గర, బ్రేకు మీద కాలు వేశాను. కాలు నేలకు తగిలింది. పెడలుకూ బండికీ ఏ సంబంధమూ లేనట్టు, నీళ్లలో అడుగు వేసినట్టు తగిలింది. మలుపు మీదికొస్తోంది. మేనమామ లారీలో శ్రీశైలం ఘాటు దిగినప్పటి సంగతి నాకు గుర్తొచ్చిందో, నా కాళ్లకే గుర్తొచ్చిందో తెలియదు. పెడలును టపటపా మూడుసార్లు తొక్కాను, గేరు కిందికి లాగాను. మూడోసారికి కొద్దిగా పట్టు దొరికింది. చాలలేదు. స్టీరింగు తిప్పబోతుంటే పెద్దాయన, “తిన్నగా! తిన్నగా పోనీ!” అని కేక వేశాడు. తిప్పి ఉంటే పల్టీ కొట్టేవాళ్లం. తిన్నగా దారి దాటి మట్టిలోకి దూసుకుపోయి, ఎర్రటి ధూళి మేఘం మధ్య ఆగాం.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. బండికీ ఏమీ కాలేదు. కొంతసేపు ఎవరం మాట్లాడలేదు.

తీరిగ్గా గుడారాల దగ్గరికి చేరాక, ఆయన ఇంజను మూత ఎత్తి బ్రేకు ఆయిలు సీసా చూశాడు. లోపల కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. “ఎప్పుడు మార్చారు?” అన్నాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండును. నెమ్మదిగా ఒకే మాట అన్నాడు: “ఆ కాగితం చదివాకే నేను మీ పక్క సీట్లో కూర్చున్నాను.”

ఆ తరువాత తన పెట్టెలోంచి కొత్త ఆయిలు సీసా తెచ్చి, తానే నా సీట్లో కూర్చుని పెడలు తొక్కుతుంటే, నేను చక్రాల దగ్గర మోకరిల్లి పాతది తీసేశాను. నన్ను ఇంటికి క్షేమంగా పంపడానికి, నేను మోసం చేసిన మనిషే కాలు వేయవలసి వచ్చింది.

ఇంటికి వెళ్లాక ఈ కథ చెప్పకూడదనే అనుకున్నాను. కాని అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, “చెవుల్లో ఆ మట్టేమిటండీ?” అంది. చెవులు కడుక్కోవడం మరిచిపోయాను. చెప్పక తప్పలేదు.

అంతా విని, “ఆయనకు భార్యా పిల్లలూ ఉన్నారా?” అని అడిగింది.

“అడగలేదు.”

“సంతకం పెట్టేముందు అడగవలసింది.”

ఆ రాత్రి మరి మాటల్లేవు. పొద్దున్నే కాఫీ ఇస్తూ, “కారు అమ్మెయ్యమనను. ఆయిలు ఎందుకు చెడిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి,” అంది.

చెప్పాను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. “వానాకాలంలో ఉప్పు జాడీలాగానన్నమాట,” అంది. సరిగ్గా అంతే. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకానైనా మరగకూడదని కనీస ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఇక బ్రేకుల్లో పుట్టే వేడి ఎంతంటారా? వెయ్యి కిలోల బండి గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గాలంటే, పోయే శక్తితో రెండు లీటర్ల పైచిలుకు చన్నీళ్లు మరిగించవచ్చు. అదీ నాలుగైదు సెకన్లలో! ఒక్కొక్క చుట్టులో అలాంటివి ఎన్నో. ఆ వేడికి ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు గనుకనే మన కాలి బలం చక్రం దాకా వెళుతుంది. ఆవిరి నలుగుతుంది. మన బలమంతా బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రానికి ఏమీ మిగలదు.

“కనపడని చోట మెల్లగా చెడేవే ప్రాణం మీదికి తెచ్చేది,” అంది మా ఆవిడ. అది ఆయిలు గురించే అనుకుంటాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. మైదానానికి వెళ్లే ముందు శుక్రవారం సాయంత్రం ఇద్దరం గరాజులో ఉండాలి. బండిని జాకీతో ఎత్తి, ఒట్టి జాకీని నమ్మకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీస్తాను. ఆమె సీట్లో కూర్చుంటుంది. పెడలుకు అన్నిటికంటె దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలు. తరువాత ఎడమ వెనక, కుడి ముందు, చివరకు ఎడమ ముందు. నేను “తొక్కి పట్టుకో!” అంటాను. ఆమె తొక్కుతుంది. నేను నిపుల్ వదులు చేస్తే, పాత ఆయిలూ బుడగలూ పారదర్శకమైన గొట్టంలోంచి సీసాలోకి దిగుతాయి. నిపుల్ మళ్లీ బిగించాకనే “వదులు!” అనాలి. బిగించకముందే కాలు తీసిందా, బయటి గాలి లోపలికి పోయి మొదటికే మోసం వస్తుంది. పైన సీసా ఖాళీ కానివ్వకూడదు. ఒక్క చుక్క రంగు మీద పడినా వెంటనే కడిగెయ్యాలి, లేకపోతే రంగు ఊడుతుంది.

వేడికి ఆగే బ్రేకు ప్యాడ్లు వేశాం. 300 డిగ్రీలు దాటినా మరగని రకం ఆయిలు పోస్తున్నాం. చక్రాలు ఎక్కించాక నట్లు టార్కు రెంచితో 80 ఫుట్-పౌండ్లకు బిగిస్తాను, మొదటి విడత అయ్యాక మళ్లీ చూస్తాను. వీటిలో ఏదీ బయటివాళ్లకు కనిపించదు. పెడలు మాత్రం రాయిలా గట్టిగా ఉంటుంది.

మరుసటి ఏడాది అదే మైదానంలో ఆ పెద్దాయన కనిపించాడు. నా కాగితం ఆయనకిచ్చాను. నా సంతకం పక్కన తెలుగులో మరో సంతకం ఉంది. “ఇదెవరిది?” అన్నాడు. “బ్రేకు తొక్కినవారిది,” అన్నాను. ఆయన నవ్వి హెల్మెట్ పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు, ముగ్గురు మనుమలు అని ఆ రోజు అడిగి తెలుసుకున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడకు చెప్పాను.

మొన్న శుక్రవారం నడుము పట్టేసి నేను వంగలేకపోయాను. ఈసారికి వద్దులే అనబోతుంటే, ఆమె కొంగు దోపి, చేతికి తొడుగు వేసుకుని, స్పానరు తీసుకుని చక్రం పక్కన కూర్చుంది. నన్ను సీట్లోకి పొమ్మంది. చెక్కేసిన స్పాంజి మీద మూలుగుతూ కూర్చున్నాను.

“ఏమండీ, నేను చెప్పేదాకా కాలు తియ్యకండి సుమా!” అని వెనక నుంచి కేక వినిపించింది. “ఊఁ... తొక్కి పట్టుకోండి!”